అక్కకీ చెల్లెలికీ నల్లగానే

గుంటూరులో స్కానింగ్ చేయించుకుని వినుకొండ వైపు వెళ్ళే రైలెక్కాను. రొమ్ములో గడ్డ నల్లగా కనిపిస్తోందని, సూదితో ముక్క తీసి పరీక్ష చేయాలని చెప్పారు. నల్లపాడు దాటేసరికి ఏడుపు ఆపుకోలేకపోయాను. ఎదురు సీటులోని పెద్దావిడ లేచొచ్చి నా పక్కన కూర్చుని, ఏమైందని అడిగింది. చెప్పాను.

“నాకూ నల్లగానే కనిపించిందమ్మా. ముక్క తీసి చూసి మామూలు గడ్డే అన్నారు,” అంది.

“అయితే నాదీ అంతేనేమోనండీ. ఇక పరీక్ష ఎందుకులెండి,” అన్నాను ఆశగా.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మా చెల్లెలికీ గడ్డ నల్లగానే కనిపిస్తే, అదీ ఇదే మాటంది. నేనూ సరేనన్నాను. మిరప కోతలయ్యాక చూద్దామనుకున్నాం. తీరా వెళ్తే క్యాన్సర్, ఊపిరితిత్తులదాకా పాకిందన్నారు. నాది ఏమీ కాకపోవడమే దాని ప్రాణం తీసింది. ఇవాళ దాని పెద్దకర్మకే వెళ్తున్నా. నల్లగా ఉంటే ఏదైనా కావచ్చు తల్లీ, ముక్క చూస్తేనే తెలిసేది.”

రేపే వెళ్తానని చెప్పేదాకా నా చెయ్యి వదల్లేదు. నరసరావుపేటలో దిగిపోయింది.

మర్నాడు వెళ్ళాను. ముక్క తీశారు. వారం తర్వాత నాది క్యాన్సరేనని తేలింది.

“తొందరగానే వచ్చావమ్మా,” అన్నారు డాక్టరు గారు.

ఆ మాట అనిపించుకోలేకపోయిన ఆ చెల్లెలు గుర్తొచ్చి, ఆయన ముందే ఏడ్చేశాను.