కళ్లు మూసుకోని పిల్ల

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు ఎన్నాళ్లుగానో అడుగుతుంటే తప్పించుకు తిరిగాను. అందరూ దయ్యం వదిలిన సాక్ష్యం చెబుతారు, నాది అసలు దయ్యమే లేని సాక్ష్యం!

డెబ్బైల మొదట్లో సంగతి. మావారి ఉద్యోగం కోసం గుడివాడ వైపు నుంచి వచ్చి నిజాంపేటలో కిరాయికి దిగాం. ఇప్పటి అపార్ట్‌మెంట్లూ హాస్టళ్లూ అప్పుడెక్కడివి, ఎటు చూసినా ద్రాక్ష తోటలే. మా పెద్దమ్మాయికి సుగుణ అని పేరు పెట్టుకున్నాం. ఎన్ని సుగుణాలు కోరుకుని పెట్టానో గాని, దానికి ఎనిమిదేళ్లు వచ్చేసరికి వాటిలో ఒక్కటీ ఒక్కచోట కూర్చోలేదు! నీళ్లకు పంపితే బిందె బావి దగ్గరుండేది, పిల్ల తూనీగ వెనక ఉండేది, ఇంట్లో అన్నం మాడిపోయేది. బడిలో లెక్క సగం చేసి మిగతా పలక మీద పిచ్చుక బొమ్మ వేసేది. రెండో పని చెప్పేసరికి మొదటిది ఎగిరిపోయేది. చీమల బారు కనబడితే మాత్రం తిండి కూడా మరచి పొద్దంతా దాని ముందే కూర్చునేది, అది చూసి నాకు ఒళ్లు మండిపోయేది, కూర్చోవడం వచ్చి కూడా నేను చెబితే కూర్చోదే అని! శ్రద్ధ లేదని దాన్ని ఎంత శ్రద్ధగా కొట్టానో ప్రభువుకే తెలుసు. "మనసు పెట్టవే!" అని అరిస్తే, "పెడుతున్నానమ్మా, అది ఉండట్లేదు" అని వెక్కివెక్కి ఏడ్చేది.

మా ఇంటి ఎదురు తోటకు కాపలా ఉండే యాదమ్మ, చంటిపిల్ల తల్లి, మాతోపాటు ప్రార్థనకు వచ్చేది. "ఏందక్కా, పిల్ల కాలు నిలువదు, గాలి గీలి సోకిందో ఏమో, జర అయ్యగారికి చూపియ్యరాదు?" అంది. ఊళ్లు తిరిగి ఉపవాస ప్రార్థనలు నడిపే ఒక అయ్యగారు ఉండేవారు. ఆయన నా బిడ్డను ప్రార్థనలో కూర్చోబెట్టి చూసి, "దీనిలో ఉన్నది దీన్ని కళ్లు మూసుకోనివ్వడం లేదు" అని తేల్చేశారు. శనివారం తోటలో విడుదల ప్రార్థన పెట్టుకున్నాం. అప్పటికీ వదలకపోతే బడి మాన్పించి, వదిలేదాకా పిల్లను తన పాకలో ఉంచాలన్నారు. ఆ పాకలో గుంజలకు కట్టేసిన మనుషుల్ని నేను కళ్లారా చూశాను, సహోదరులారా! అయినా సరేనన్నాను!

ఆ సాయంత్రం ద్రాక్ష పందిరి కింద అందరం చుట్టూ కూర్చున్నాం. యాదమ్మ తన చంటిదాన్ని పక్కన గోనెపట్టా మీద పడుకోబెట్టింది. పందిరి అవతల గట్టు లేని మోటబావి. అయ్యగారు ఒకటే కట్టడ చేశారు, ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, తెరిస్తే పిల్లను వదిలింది వాళ్లలో దూరుతుంది! మేం బిగించి మూసుకున్నాం. సుగుణ చేతులు రెండూ నా గుప్పిట్లో ఉన్నాయి. ప్రార్థన ఊపందుకుంది, కేకలు, చప్పట్లు, అంతలో పిల్ల గింజుకోవడం మొదలుపెట్టింది. "వదులమ్మా! బావి! బావి!" అని అరుస్తోంది. అయ్యగారు, "అదిగో, పారిపోవాలని చూస్తోంది, గట్టిగా పట్టుకో తల్లీ!" అన్నారు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను! యాదమ్మ కూడా కళ్లు మూసుకునే తడుముకుంటూ వచ్చి దాని కాళ్లు పట్టుకుంది! అందరం స్వరమెత్తి, "ప్రభువా, విడిపించు, విడిపించు!" అని కేకలు పెడుతున్నాం. అప్పుడు నా బిడ్డ అరవడం మానేసి, నా చెవిలో మెల్లగా, "అమ్మా, ఒక్కసారి చూడవే" అంది.

ఆ గొంతులో దయ్యం లేదు, సహోదరీలారా, నేను రోజూ కొట్టే నా కూతురుంది. వచ్చేది వస్తుంది అనుకుని కళ్లు తెరిచాను.

గోనెపట్టా ఖాళీ! యాదమ్మ బిడ్డ పాక్కుంటూ పోయి బావి అంచున ఉంది, ఒక చెయ్యి అప్పుడే గాలిలో ఉంది! నాలో కదిలినవి నా వేళ్లు మాత్రమే. అవి సుగుణ చేతుల్ని వదిలేశాయి. అది యాదమ్మను ఒక్క తాపు తన్ని, బాణంలా దూసుకుపోయి, చంటిదాని మొలతాడు పట్టి వెనక్కి లాగింది!

ఏడుపు విని అందరూ కళ్లు తెరిచారు. అయ్యగారు ఆమెన్ అనడం కూడా మరచిపోయారు. యాదమ్మ బిడ్డను గుండెకు అదుముకుని, "గీ పిల్లకా దయ్యమన్నది? పిల్ల బావి బావి అంటుంటె కాళ్లు పట్టుకున్న కదక్కా, దయ్యం పట్టింది మనకు!" అని నేల మీద కూలబడింది.

పాక మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సోమవారం యాదమ్మే, "దవాఖానకు పోదాం పా అక్కా" అని పట్నానికి లాక్కుపోయింది. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ పిల్లను చాలాసేపు ఆడించి మాట్లాడించి, "ఇది దయ్యం కాదమ్మా, బద్ధకమూ కాదు. పని చేసేటప్పుడు అక్కర్లేని చప్పుళ్లను ఆపడానికి మన మనసుకు ఒక తలుపుంటుంది అనుకోండి, ఈమెకు ఆ తలుపు సరిగా పడదు. తూనీగా లోపలికే, మీ మాటా లోపలికే. ఏది ముందు పట్టుకోవాలో తేల్చుకోలేదు. కొడితే తలుపు పడదు, ఊడుతుంది" అన్నారు. దవాఖాన వరండాలోనే మోకరించాను. "తండ్రీ, బిడ్డలోంచి దయ్యాన్ని తీయమన్నాను, నువ్వు నా చేతిలోంచి బెత్తం తీశావు" అన్నాను.

ఆ తర్వాత దాని భుజం మీద చెయ్యి వేసి, ఒక్క పనే చెప్పేదాన్ని, అది అయ్యాకే రెండోది. బిందెతో వచ్చేటప్పుడు కీర్తన పాడమన్నాను, పాట ఆగిందంటే వీధివీధంతా, "సుగుణా, బిందె!" అని కేకేసేది. బడి ఆగలేదు, పదో తరగతి రెండోసారికి గట్టెక్కింది. ఇప్పుడు దీన్ని అటెన్షన్ డెఫిసిట్ అంటున్నారు, డాక్టర్లు తోడుంటారు, మీ పిల్లలు ఇలా ఉంటే సిగ్గుపడకుండా చూపించండి, దాంతోపాటు ప్రార్థించండి. నా బిడ్డకు అది పోలేదు. ఇవాళ మేం ఆలస్యంగా వచ్చింది కూడా తాళంచెవి వెతుక్కునే! విడుదల పొందింది దాని తల్లి. ఆ మహిమంతా నా దేవునిదే!

ఆయనను నమ్మండి, సహోదరులారా. నాలాంటి మొద్దు తల్లి కళ్లు తెరిపించినవాడు మీ ఇంటిని విడిచిపెట్టడు. రండి, తలలు వంచి ప్రార్థిద్దాం. చివరి బెంచీలో నా సుగుణ కళ్లు తెరిచే ఉంటుంది, ఉండనివ్వండి.