కాటసముద్రం ఒడ్డు

కాటసముద్రంలో సముద్రాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. మక్తల్ అవతల ఎర్రనేలల మధ్య ఉన్న ఊరది. ఆ తావుల్లో పెద్ద చెరువును సముద్రమనడం అలవాటు. కాటమయ్య అనే గొర్లమంద ఆసామి ఎన్నడో తవ్వించాడు గనక అది కాటసముద్రం. చెరువు పేరే ఊరికీ వచ్చింది. నిజం చెప్పొద్దూ, 1961 నాటికి అక్కడ చెరువు కూడా లేదు. అంతకు ముందు వానాకాలం కట్టకు గండి పడి నీళ్లన్నీ వాగుపాలయ్యాయి. నడి చెరువులో మేకలు మేస్తున్నాయి.

ఆ చెరువుకు నీరటి ఎల్లేశం. తూము తీసి, ఎవరి మడికి ఎంత నీరు పారాలో అంత పారించడం నీరటి పని. పంట కోసిన రైతులు కల్లంలోనే అతని వాటా వడ్లు, అంటే మేర, కొలిచి ఇవ్వాలి, తాతలనాటి హక్కు అది. చెరువే లేనప్పుడు నీరటి ఏమిటి, మేర ఏమిటి? తాడూ లేదు, బొంగరమూ లేదు. ఎల్లేశం కూలికి పోతున్నాడు. కూలి కంటే అతణ్ణి ఎక్కువ కోసింది వేరే ఉంది. నిన్నటిదాకా ‘నీరటెల్లన్నా’ అన్న నోళ్లే ఇప్పుడు ‘ఒరే ఎల్లిగా’ అంటున్నాయి. గండి పూడిస్తే తప్ప తనకు బతుకు లేదని తాలూకా కచేరి చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ‘చూద్దాం’ అన్నారు. చూస్తూనే ఉన్నారు మహానుభావులు.

ఇంతలో ఢిల్లీ సర్కారు సముద్ర తీరాల పరిశోధనకని గ్రాంటు మంజూరు చేసింది. హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చొని ఆ గ్రాంటును పంచే పెద్దలు, పేరు చివర సముద్రం ఉన్న ఊరల్లా సముద్రం ఒడ్డునే ఉంటుందని తీర్మానించారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం! మండుటెండలో ఒకనాడు వలలు, గాజుసీసాలు, ఒక చెక్కపడవ వేసుకొని రామచంద్రం అనే పరిశోధన ఆఫీసరు లారీ దిగాడు. బందరు మనిషి. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి అలల చప్పుడు వింటూ పెరిగినవాడు.

“సముద్రం ఎక్కడయ్యా?” అని ఎదురైన ఎల్లేశాన్ని అడిగాడు.

ఎల్లేశం మేకల దిక్కు చెయ్యి చూపించాడు. “గదే సారూ.”

రామచంద్రం పడవ నీడన కూలబడ్డాడు. పాపం, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“సముద్రం లేదని రాసి పంపుండ్రి సారూ, ఫికరెందుకు?”

“రాస్తే గ్రాంటు వెనక్కి పోద్ది, దాంతో నా ఉద్యోగమూ పోద్ది. వచ్చిన గ్రాంటు వద్దన్న మగాడు మా ఆఫీసులో ఇంతవరకూ పుట్టలేదయ్యా.”

అలా పరిశోధన మొదలైంది. తీరమున్నాక కాపలా ఉండాలి గదా! ఎల్లేశానికి ఖాకీ బట్టలిచ్చి తీర కాపలాదారును చేశారు. అతని పెళ్లాం గుర్వమ్మ సంబరం అంతా ఇంతా కాదు. “నెల తిరగంగనే జీతం. వాన కోసం మొగులు దిక్కు చూసే బాధ తప్పింది. గీ నౌకరి పోగొట్టినవో, నా మొకం జూడకు” అని ముందే హెచ్చరించింది.

ఎల్లేశం ప్రాణం మాత్రం గండి దగ్గరే ఉంది. “సారూ, జర గా గండి పూడిపియ్యుండ్రి” అని రామచంద్రాన్ని అడిగాడు.

“సముద్రానికి గండేంటయ్యా? ఆ మాట రాశానంటే ఇది చెరువని తెలిసిపోద్ది.”

“అయితే సముద్రం ఒడ్డు తెగనే తెగదా సారూ?”

రామచంద్రం మీసం దువ్వడం ఆపేశాడు. “తెగుద్ది. అలల దెబ్బకి కోసుకుపోద్ది. దానికి గోడ కట్టడానికి వేరే గ్రాంటుంది.”

“ఇగ గట్లనే రాయుండ్రి!”

రాశాడు. తాలూకా కచేరికి చేతగాని పని సముద్రపు అలలు చేసి పెట్టాయి. ‘తీర రక్షణ గోడ’ పేరుతో గండి పూడింది. మిరుగు కార్తెలో మొదలైన వానలకు చెరువు నిండి అలుగు దుంకింది. ఊరంతా నాట్లేసింది. హైదరాబాదు పెద్దలు తనిఖీకి వచ్చి, పడవెక్కి తిరిగి, అలలు తక్కువైనా సముద్రం బాగుందని మెచ్చుకున్నారు. మెచ్చుకొని ఊరుకుంటే వాళ్లు పెద్దలెందుకవుతారు? పోయిన వెంటనే ఒక ఆర్డరు పంపారు. పరిశోధన సాగినంత కాలం నీరు తగ్గకూడదు, తూము ముట్టకూడదు. పైగా సముద్రపు నీరు ఉప్పన గనక పొలాలకు పారిస్తే రైతులకే నష్టమట!

“మేం గవే నీళ్లు తాగుతున్నం గద సారూ!” అన్నాడు ఎల్లేశం.

“తాగితే తాగండి గానీ పైకి చెప్పకండి” అన్నాడు రామచంద్రం.

వరి ఈని పాలు పోసుకునే వేళకు వాన మొహం చాటేసింది. కట్టకు ఇవతల ఏనుగు మునిగేంత నీరు, అవతల నెర్రెలు విచ్చిన మడి. కట్ట కింది రైతు గాలయ్య వచ్చి ఎల్లేశం ముందు నిలబడ్డాడు. “ఎల్లన్నా, ఇన్ని నీళ్లు పెట్టుకొని పంట ఎండబెడుతవా? నువ్వు ఊరోనివా, సర్కారోనివా?”

ఎల్లేశం తూము దిక్కు చూశాడు. గండి పూడితే చాలనుకున్నాడు గానీ, పూడినాక తూముకు తానే అడ్డం పడతానని కలలోనైనా అనుకోలేదు. తీస్తే పెళ్లాం చేతిలో పడే జీతం పోతుంది. తియ్యకపోతే ఊళ్లో తలెత్తుకోలేడు.

ఆ తెల్లారి తూము రాయి మీద కూర్చుని ఉంటే గుర్వమ్మ గడ్డికోసే కొడవలితో కట్టెక్కి వచ్చింది. “ఏం జూస్తున్నవ్?”

“నౌకరి పోగొట్టొద్దని నువ్వే అంటివి గదనే.”

“అన్న. కాదన్ననా? గాలయ్య మడి గట్టున గడ్డికి పోయిన. ఎన్ను పిసికితే పాలు పడ్తలేవు, ఇంకో రెండొద్దులైతే ఉత్త పొట్టే.” ఆమె కొడవలితో తూము దిక్కు చూపింది. “జీతం పైసలు వండుకొని తింటమా? దిగు!”

ఎల్లేశం ఖాకీ చొక్కా విప్పి రాయి మీద పెట్టి నీళ్లలో దిగాడు. మూత ఎత్తగానే నీరు కాలువలో పడి ఉరికింది. అతనికి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

కబురు హైదరాబాదు చేరింది. కాపలాలో ఉన్న సముద్రాన్ని పొలాల్లోకి వదిలినవాడెవడో రాసి పంపమని తాకీదు వచ్చింది. రామచంద్రం దాన్ని చదివి వినిపించి, ఎల్లేశం మొహం చూడలేక తల దించుకున్నాడు.

“తుఫానొచ్చి తూము కొట్టుకుపోయిందని రాస్తానయ్యా. నీ ఉద్యోగం నిలబడుద్ది.”

“వద్దు సారూ. తూము తీసింది నీరటి. గదే రాయుండ్రి.”

రామచంద్రం అట్లాగే రాశాడు. జీతం బందయింది. ఆ యేడు కాటసముద్రం కింద ఒక్క మడి ఎండలేదు.