కూతురి డెస్క్‌టాప్ ఊడ్చేసిన ఆదివారం

మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులో విండోస్ బదులు లినక్స్ ఉంది, ఆ లినక్స్‌లో రెండు డెస్క్‌టాప్‌లున్నాయి. పాస్‌వర్డు అడిగే చోట మూలన చిన్న జాబితా వస్తుంది. ఎక్స్ఎఫ్‌సీఈ ఎంచుకుంటే నా తెర, ప్లాస్మా ఎంచుకుంటే మా అమ్మాయి తెర. ఫైళ్ళు మాత్రం ఇద్దరివీ ఒకే చోట ఉంటాయి.

నా తెర బోడిగా ఉంటుంది. కింద ఒక పట్టీ, దాని మీద నాలుగు బొమ్మలు, అంతే. పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి అంతకంటే ఏం కావాలి? అమ్మాయి అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంజనీరింగు చివరి ఏడాది చదువుతోంది. రోజూ మదనపల్లె మీదుగా కాలేజీ బస్సులో పోయి వస్తుంది. ఆమె తెర మాత్రం పెళ్ళిపందిరి.

"ఒకే మిషన్లో రెండు సోకులు యాలనే?" అని అడిగాను ఒకసారి.

"నీ చీరలు నేను కట్టుకుంటాండానా మా?" అంది.

రెండు తెరలతో వచ్చే తంటా ఏమిటంటే, ఒకదాని సామాను రెండోదాని మెనూలో కూడా కనబడుతుంది. ఫైళ్ళు తెరిచేవి రెండు, ఫొటోలు చూసేవి రెండు, రాసుకునేవి రెండు. వంటింట్లో ఒకేలాంటి గరిటెలు రెండుంటేనే నా చేతులు ఊరుకోవు. ఇది రోజూ కళ్ళెదుట కనబడుతుంటే ఎన్నాళ్ళని ఓర్చుకోను?

ఆ ఆదివారం పొద్దున అమ్మాయి వాళ్ళ నాన్నను చూడటానికి కుప్పం పోయింది. ఆయనకు అక్కడ గ్రానైటు యూనిట్లో ఉద్యోగం. ఇల్లంతా నాదే. ప్రోగ్రాము తీసేసే కమాండు ఒకటి అమ్మాయే ఎప్పుడో నేర్పింది. అది కొట్టి, నేను వాడని ఫైళ్ళ ప్రోగ్రామును తీసేశాను. దాంతోపాటు ఇంకేవో కూడా పోతాయని ఇంగ్లీషులో వచ్చింది. ప్రశ్నను రెండుసార్లు చదవండ్రా అని పిల్లల మీద అరిచేదాన్ని, నేను ఒక్కసారి కూడా చదవలేదు. తర్వాత మిషనే, ఇదిగో ఇవన్నీ ఇక అవసరం లేదు, తీసేసుకోవచ్చు అంది. నా ఇంట్లో ఇంత మంచి మాట ఎవరూ చెప్పలేదు. అలాగే కానిమ్మన్నాను. పేర్లు గబగబా జారిపోతుంటే చూస్తూ కాఫీ తాగాను. ఎంత హాయిగా ఉందో!

మూడు గంటలకు అమ్మాయి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది.

"మా, నా ప్లాస్మా యాడ?"

"ఈడే ఉంటాది, సరిగ్గా సూడు."

లేదు. జాబితాలో నాది ఒక్కటే మిగిలింది. పొద్దున చేసిందంతా చెప్పాను. పిల్ల మొహం పాలిపోయింది.

"రేపు ప్రాజెక్టు సూపియ్యల్ల మా. అది ప్లాస్మాలో తప్ప నడవదు."

ఆమె ప్రాజెక్టు ఏమిటో నాకు తెలుసు. ప్లాస్మా పట్టీలో కూర్చుని మదనపల్లె మార్కెట్లో టమోటా ధర చూపించే ప్రోగ్రాము అది. నెలల తరబడి చేసింది. ఆ పట్టీనే నేను పీకి పారేశాను. తప్పు నాదే, అయినా నోరు కూడా నాదే పెద్దది. "అన్నీ కలగాపులగం చేసి పెడితే నాకేం తెలుస్తాది?" అని ఎగిరాను. ఆమె ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని పని మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ అంతా నెట్ నుంచి దించుకోవాలి. ఉన్నది నా ఫోన్లో నెట్ ఒక్కటే, దానికి సిగ్నల్ వచ్చేది వంటింటి కిటికీ దగ్గరే. ఫోన్ ఊచలకు ఆనించి, చేతులు మార్చుకుంటూ రెండు గంటలు నిలబడ్డాను. గట్టు మీద పెట్టినా సరిపోయేదేమో. ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు.

చీకటి పడకముందే జాబితాలో ప్లాస్మా మళ్ళీ వచ్చింది. లోపల ఆమె రంగులు, ఆమె పట్టీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రోగ్రాములు పోయినా, ఎవరి తెర ఎలా పెట్టుకున్నారన్నది వాళ్ళ ఫోల్డర్లోనే ఉండిపోతుందట. నా ప్రాణం లేచొచ్చింది. కానీ టమోటా ధర ఉండాల్సిన చోట ఏమీ లేదు. దానికి ఆధారమైన చిన్న ముక్క ఒకటి నా ఊడ్పులో పోయింది. ప్రోగ్రాము నడవాలంటే అది ఉండాలని అమ్మాయి తన ప్రాజెక్టు రిపోర్టులో ఎక్కడా రాసుకోలేదు. ఎప్పుడూ ఉండేది కాబట్టి ఆ సంగతి ఆమెకే తెలియదు. వెతికి పట్టుకుని, మళ్ళీ ఎక్కించి, రిపోర్టులో దాని పేరు చేర్చింది. ధర కనబడింది. అప్పుడు ఇద్దరం అన్నం తిన్నాం.

సోమవారం సాయంత్రం బస్సు దిగి వచ్చింది. నేను అడగకముందే ఆమే చెప్పింది.

"కొత్త మిషన్లో ఎక్కిస్తే నడుస్తాదా అని సార్లు అడిగినారు మా. అందరినీ అదే అడిగినారు. నిన్ననే అంతా తీసేసి మళ్ళీ ఎక్కించి సూసినాను సార్, ఏమేం కావాల్నో రాసి పెట్టినాను అన్నా. బాగుండాది అన్నారు. నీకు ఎవరు చెప్పినారు ఇట్లా చెయ్యమని అంటే, మా అమ్మ అన్నా."

నవ్వుతూ చెప్పలేదు. నిజంగానే అలా చెప్పి వచ్చింది. నా పొరపాటును అంతమంది ముందు నా గొప్ప చేసి వచ్చింది.

"తప్పు నాదేనే" అన్నాను. ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళ తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టినదాన్ని, ఆ రెండు మాటలు అనడానికి నాకు ఒక రోజంతా పట్టింది.

"తెలుసు మా" అని, చెప్పులు విడిచి లోపలికి పోయింది.