అవ్వ రాట్నం మీద ఎన్‌వ డెరివేటివ్

సైన్ ఎక్స్‌కి నూటరెండో డెరివేటివ్ ఏమిటని వేలూరు కాలేజీలో అడిగితే, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పాననీ, లెక్కల అయ్యవారు కుర్చీలోంచి లేచి నాకు నమస్కారం పెట్టారనీ మనవళ్లకు చెబుతుంటాను. లేచిన మాట నిజమే. కిందపడ్డ సుద్దముక్క కోసం లేచారు.

జరిగింది వేరు. ఒకసారి డెరివేటివ్ తీస్తే వై నెత్తిన ఒక గీత, రెండుసార్లు తీస్తే రెండు. అంతవరకు నాకు బాగానే ఉంది. పన్నెండోది వేయమంటే పన్నెండు గీతలూ పెట్టాను.

"ఏమప్పా, నీ చీమలకు బెల్లం యాడ కనపడింది?" అన్నారు అయ్యవారు. గీతలు తుడిచేసి, వై నెత్తిన కుండలీకరణాల్లో ఎన్ అనే అక్షరం పెట్టారు.

"ఎన్ అంటే ఎంత సార్?"

"ఎంతైనా సరే."

అదే నాకు మింగుడుపడలేదు. మాది గుడియాత్తంలో మగ్గాల ఇల్లు. పొడవెంతో తేలకుండా మా వాళ్లు పడుగు మొదలుపెట్టరు. ఎంతైనా సరే అంటే ఏం పని చేస్తాం?

"సోమవారం సైన్‌కి ఎన్‌వ డెరివేటివ్ బోర్డుమీద వేసి చూపించు. లేదా చరిత్ర గ్రూపుకు పో" అన్నారాయన. చరిత్ర మీద నాకు కోపమేమీ లేదు. లెక్కలు వదలాలంటేనే ప్రాణం ఉసూరుమంది.

శనివారం రైలెక్కి ఇంటికొచ్చాను. సైన్, కొసైన్, మైనస్ సైన్, మైనస్ కొసైన్, మళ్లీ సైన్. పలకమీద ఎన్నిసార్లు తీసినా అదే వరస. పక్కనే అవ్వ రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. మళ్లీ మొదటికి రావడం చక్రం పనే కదా అనిపించింది. చక్రపు చువ్వ ఒకదానికి ఎర్రదారం కట్టి, పావు చుట్టు తిరగ్గానే చేత్తో ఆపాను. పావు చుట్టుకు ఒక డెరివేటివ్.

"యాంది నాయనా ఇది? నూలు తెగిపోతాండాది!"

"ఒక్క తూరి అవ్వా." ఇంకో పావు తిరగనిచ్చి మళ్లీ ఆపాను.

"ఇంగ ఎన్నితూర్లు నిలబెడతావప్పా?"

"ఎన్నైనా సరే అవ్వా, ఎర్రదారం యాడుండాదో చెప్పేస్తా."

"అయితే నీ బువ్వగూడా నిలబెడతా, ఉండు!"

చక్రం మీది చెయ్యి తీసేశాను. ఎన్నైనా సరే అన్నది నేనే. ఎన్ ఎంతో ముందే తెలియనక్కర్లేదు. ఎన్ని పావులు తిరిగినా చక్రం ఎక్కడ ఆగుతుందో తెలిస్తే చాలు.

సోమవారం బోర్డుమీద ఎక్స్‌కి ఎన్ పావు చుట్లు కలిపి, దానికి సైన్ అని రాశాను.

"ఎన్ నూటరెండయితే?"

గాలిలో చెయ్యి తిప్పడం మొదలుపెట్టాను. క్లాసంతా గొల్లుమంది. నూరు పావులూ నిండు చుట్లుగా పోయాయి, మిగిలింది అరచుట్టు. "మైనస్ సైన్ ఎక్స్, సార్."

అప్పుడే ఆ సుద్దముక్క కిందపడింది. ఆయన లేచి తీసుకుని, "ఇంగ కొసైన్ చూస్తాం" అని బోర్డువైపు తిరిగారు. చరిత్ర ఊసెత్తలేదు. నా చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంటే, ముందు బెంచీవాడు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు.