నలభైనాలుగుకి పడ్డ ఓట్లు

మా ఊళ్లో వెర్లిన్ స్ట్రౌడ్‌ని పేరుపెట్టి పిలిచేది ఆయన భార్య ఓపల్ ఒక్కతే. మిగతా అందరికీ ఆయన నలభైనాలుగు.

కాలేజీ రోజుల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఆ అంకె ఉన్న చొక్కా తొడుక్కుని, బంతిని చంకలో ఇరికించుకుని తొంభై ఒక్క గజాలు పరిగెత్తాడు. ఆ పదమూడు సెకన్లని మావాళ్లు ముప్ఫై ఏళ్లుగా నములుతూనే ఉన్నారు. తర్వాత ఆయన వియత్నాం యుద్ధానికి వెళ్లి ఎడమచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడనీ, టైర్ల దుకాణం పెట్టి పదిమందికి పని చూపించాడనీ, ఎనిమిదేళ్లు మా జిల్లా సభ అయిన కౌంటీ బోర్డులో ఉండి రోడ్లు వేయించాడనీ అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. దుకాణం బోర్డు మీదా 'నలభైనాలుగు టైర్లు' అనే ఉంటుంది. ఆ తప్పు మాత్రం ఆయనదే. ఆరేళ్లుగా ఆ బోర్డు కిందే నేను టైర్లు బిగిస్తున్నాను.

ఆ ఏడు జనవరిలో ఓపల్‌కి వంటింట్లోనే గుండె ఆగింది. మా ఊరి ఆసుపత్రి నాలుగు నిమిషాల దూరం కాబట్టి బతికింది. సెప్టెంబర్లో ఆ ఆసుపత్రి మూసేద్దామని కౌంటీ బోర్డులో మాట లేచింది. తర్వాతి ఆసుపత్రి డెబ్భై మైళ్ల అవతల.

అప్పటికే నవంబరు బోర్డు ఎన్నికకి నామినేషన్ల గడువు దాటిపోయింది. అయినా వెర్లిన్ నిలబడ్డాడు. ఆయన పేరు ఓటు కాగితం మీద ఉండదు. ఖాళీ గీత మీద జనమే చేత్తో రాయాలి. మూసేద్దామనే ప్రత్యర్థి గేలెన్ రూడ్ పేరు మాత్రం అచ్చులో ఉంది.

టిఫిన్ హోటల్లో ముసలి హోమర్ దగ్గరికి ఆయనతోపాటు నేనూ వెళ్లాను.

"పేరు పూర్తిగా రాయాలి హోమర్. వెర్లిన్ స్ట్రౌడ్."

"నీ పేరు నాకు చెప్తావేంటయ్యా! ఆ రోజు మూడో వరుసలో కూచున్నా. ఆ ఎద్దులాంటోణ్ణి ఎట్టా బోల్తా కొట్టించావో ఇంకోసారి చెప్పు."

"ఆసుపత్రి గురించి వచ్చాను."

"అదెక్కడికి పోద్ది? ముందు ఇది చెప్పు."

చెప్పాడు. చెప్పకపోతే ఓటు పోతుందేమోనని ప్రతి బల్ల దగ్గరా చెప్పాడు.

లెక్కింపు రోజున ఆయన తరఫున నేను కూర్చున్నాను. ఎన్నికల గుమాస్తా నోరీన్ ప్రిబిల్ కాగితాలు విప్పుతోంది. నాలుగో కాగితం మీద రాసింది: 44. తొమ్మిదో దాని మీదా అంతే. ఒకరు పక్కన బంతి బొమ్మ కూడా వేశారు.

"నోరీన్ ఆంటీ, ఇదెవరో ఊళ్లో కుక్కలక్కూడా తెలుసు కదా!"

"కుక్కలకి తెలుసురా. చట్టానికి తెలీదు. ఇంటిపేరైనా ఉండాలి." కాగితాన్ని పక్కన పెట్టింది. "నన్నట్టా చూడకు. ఈ చేతిరాత మా ఆయనది."

అలా పక్కకి పోయినవి నాలుగువందల పన్నెండు. వెర్లిన్ ఓడింది నూట అరవై మూడు ఓట్ల తేడాతో. మార్చిలో, ముగ్గురు సరేనని ఇద్దరు వద్దని ఓటేస్తే, బోర్డు ఆసుపత్రి మూసేసింది. నేను పుస్తకాలు చాలా చదివాను. ద్వేషం వల్ల ఓడినవాళ్ల గురించి వాటిలో ఎంతైనా ఉంది. ప్రేమతో ఓడించిన జనాన్ని ఏమని తిట్టాలో ఎక్కడా దొరకలేదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం నన్ను ట్రక్కు ఎక్కించుకున్నాడు. కొత్త టైర్లు. అవతలి ఊరి ఆసుపత్రి గుమ్మం దాకా నడిపి గడియారం చూసుకున్నాడు.

"గంటా ఆరు నిమిషాలు."

తిరిగొచ్చాక ఊరి మొదట్లో పెట్రోలు కోసం ఆగాం. అక్కడ హోమర్ ఉన్నాడు. రెండు చేతులకీ నాలుగేసి వేళ్లు ఎత్తి చూపించాడు.

"నలభైనాలుగూ! నీకే వేశా, తెలుసా?"

"తెలుసు హోమర్."

వెర్లిన్ కూడా చేతులెత్తాడు. కుడిచేతికి నాలుగు. ఎడమచేతికి రెండు.

"ఆ పరుగుకి ఎన్ని సెకన్లు పట్టిందయ్యా?"

"పదమూడు," అన్నాడు, గడియారం ముల్లుని మళ్లీ సరిచేసుకుంటూ. "ఎక్కరా. ఈసారి వంతెన దారిన పోతే ఎంతసేపు పడుతుందో చూద్దాం."