బీరపాదు మీద పడిన నింద

మా అత్తను పాము కరిచింది కందికట్టె వామిలో. నా బీరపాదుల కింద కాదు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరినడిగినా, కోడలు పెంచిన తోటలో పాము చేరి అత్త ప్రాణం తీసిందనే చెబుతారు.

నేను బనగానపల్లె దగ్గర మామిడితోటల మధ్య పెరిగినదాన్ని. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో నన్ను నందికొట్కూరు పక్కన ఒక మెట్ట ఊరికి ఇచ్చారు. అత్తవారు మా వాళ్ళలాగే తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. కొద్దిపాటి చేను, ఒక జత ఎద్దులు. ఇంట్లో అత్త, నా భర్తకు అన్న అయిన మా బావ, ఆయన భార్య, మేమిద్దరం. మామ పోయినప్పటి నుంచి పెత్తనమంతా బావదే. ఆయన మాటకు నా భర్త ఎదురు చెప్పడం నేనెన్నడూ చూడలేదు.

ఆ ఇంటి వెనక పెరడు ఉండేది గానీ, అందులో పచ్చనిదంటూ ఏదీ లేదు. చుట్టూ ఒట్టి రాళ్ళతో పేర్చిన గోడ, లోపల గులకనేల. వచ్చిన ఏడాదే నేను రాళ్ళు ఏరి, దిబ్బ ఎరువు మోసి, స్నానాల నీళ్ళు ఊరకే పోయే చోట చిన్న కాలువ తీసి బీర, కాకర, చిక్కుడు పెట్టాను. అత్త మొదట నవ్వింది. తొలి బీరకాయలు కోసిన రోజు మాత్రం నన్ను పక్కకు జరగమని తనే వండింది. ఆ తర్వాత ఎండ తగ్గగానే పందిరి కింద పీట వేసుకుని కూర్చునేది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక పనిలేకుండా కూర్చోవడం అదే మొదలని ఒకసారి నాతో అంది.

రాతిగోడ ఉన్న చోట పాములు తిరగడం మామూలే. తడి ఉంటే కప్పలు వస్తాయి, కప్పల వెంట పాములు వస్తాయి. మా అమ్మ దగ్గర నేర్చుకున్నట్టే నా జాగ్రత్త నేను పడ్డాను. తీగలను నేల మీద పాకనివ్వక పందిరి ఎక్కించేదాన్ని. రాలిన ఆకును ఏ రోజుకారోజు ఊడ్చేదాన్ని. గోడ సందుల్లో బంకమట్టి కూరాను. లోపలికి అడుగు పెట్టే ముందు కర్రతో నేల తట్టి, తీగ కదిలించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలని అత్తకూ తోడికోడలికీ అలవాటు చేశాను.

నా భయమంతా కందికట్టెతోనే. కందులు కొట్టాక మిగిలిన కట్టెను పొయ్యిలోకని బావ పెరటి తలుపు పక్కనే వామి వేసేవాడు. పైది వాడుకునేలోగా దాని మీద కొత్తది వచ్చి పడేది. అడుగున పాతది పుచ్చిపోయి ఎలుకలకు ఇల్లయింది. ఆ ఎలుకలను తింటూ ఒక జెర్రిపోతు తిరిగేది. దానికి విషం లేదని, దాని జోలికి పోవద్దని అత్త అందరికీ చెప్పేది. ఒక మధ్యాహ్నం అది గోడ మీద ఎండ కాచుకుంటుంటే బావ బడితెతో కొట్టి చంపి, కర్రకు వేలాడదీసి వీధంతా చూపించాడు. ఆ వానాకాలం ఎలుకలు వంటింట్లోకి వచ్చాయి. కొన్నాళ్ళకు వామి సందులో లావుపాటి కుబుసం ఒకటి కనబడింది. రక్తపింజరదని అత్త గుర్తుపట్టింది.

ఆ పొద్దు బావ అన్నానికి కూర్చున్నప్పుడు ఆమే ఆ మాట కదిలించింది. “ఆ వామి కళ్ళంలోకి మార్చప్పా. అడుగున పురుగు చేరినట్టుండాది,” అంది. పాము అనే మాట ఆమె ఇంట్లో పలికేది కాదు, పురుగు అనే అనేది.

కళ్ళంలో వేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని, పనులు తీరాక చూద్దామని బావ అన్నాడు. నేను నా భర్తతో చెప్పాను. అన్న చూసుకుంటాడులే అన్నాడు. ఒక ఉదయం నేనూ తోడికోడలూ మేమే మోద్దామని మొదలుపెడితే, ఇంట్లో మగవాళ్ళు లేరనుకుంటారని బావ మమ్మల్ని లోపలికి పంపేశాడు.

పొద్దు పొడవక ముందే ఒకనాడు అత్త పొయ్యిలోకి కట్టె లాగడానికి పోయింది. ఆమె కేక వినగానే నేను వంటింట్లోంచి పరుగెత్తాను. మణికట్టు మీద రెండు గాట్లు. వామి లోపలి నుంచి బుస ఇంకా వినిపిస్తూనే ఉంది. అందరం అక్కడికి చేరాం. అత్త బావ మొహంలోకి చూసి, “కట్టె లాగుతాంటే కరిసెనప్పా. నేను చెప్తానే ఉంటి కదా,” అంది. బావ విన్నాడు. నా భర్త విన్నాడు. తోడికోడలు వింది.

బండి కట్టి కర్నూలుకు తీసుకుపోయారు. దారిలోనే చెయ్యి భుజం దాకా వాచి, చిగుళ్ళ నుంచి నెత్తురు మొదలైంది. ఆసుపత్రి చేరినా ఆమె దక్కలేదు.

శవం వాకిట్లో ఉండగా వచ్చినవాళ్ళంతా ఎలా జరిగిందని అడిగారు. బావ తుండుతో కళ్ళు తుడుచుకుంటూ, “తోట వద్దంటే వినకపోతిరి. ఆ తీగల్లోనే ఉన్నింది,” అన్నాడు. నేను నా భర్త వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. నేను నోరు తెరవబోతే పక్కనున్న ముసలామె నా చెయ్యి పట్టుకుని, చావింట్లో గొడవ వద్దంది. ఆదివారం చర్చిలో అయ్యగారు హవ్వ గురించి, ఏదెను తోట గురించి, సర్పం గురించి ప్రసంగం చేశారు. ఆయన నా వైపు చూడలేదు. ఆడవాళ్ళందరూ చూశారు.

మర్నాడు బావ పందిరి పడగొట్టాడు. వేళ్ళు పెరికింది నా భర్త. పూతతో ఉన్న తీగలను గోడ అవతల పారేశారు. తోటంతా తవ్వినా పాము కనబడలేదు. వామి జోలికి ఎవరూ పోలేదు. వంటకు కట్టె కావాలి గనుక, రోజూ అందులోంచి లాగింది నేనే. వేసవికి వామి తరిగిపోయాక అడుగున ఆ రక్తపింజర బయటపడింది. బావ దాన్ని చంపి, ఎవరికీ చూపకుండా పూడ్చిపెట్టాడు. ఆ పెరట్లో నేను మళ్ళీ విత్తనం వెయ్యలేదు.

ఏళ్ళు గడిచాయి. దేశానికి స్వతంత్రం రాబోతున్నదని అనుకుంటున్న రోజుల్లో బావ జబ్బు చేసి పోయాడు. ఆ తర్వాత ఒకనాడు నా భర్త భోజనం చేస్తూ, నేను ఏమీ అడక్కుండానే, “నీ తోట తప్పేం లేదని నాకు తెలుసులే,” అన్నాడు.

“ఆ పొద్దు వాకిట్లో చెప్పాల్సిన మాట అది,” అన్నాను.

“అన్నకు ఎదురు యాడ చెప్పేది?”

అన్న ఇప్పుడు లేడు. వాకిట్లో ఆ రోజు ఉన్నవాళ్ళు మాత్రం చాలామంది ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా చెబుతాడేమోనని ఆయన మొహం వైపే చూశాను. ఆయన చెయ్యి కడుక్కుని, ఎద్దులకు మేత వెయ్యాలని లేచిపోయాడు.