అద్దాల బీరువాలో సెలైన్

ఎనభైల్లో కరీంనగర్‌లో నేను నర్సుల మీద పర్యవేక్షకురాలిని. పల్లె దవాఖానాల్లో ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు వైద్యం ఎట్లా అందుతోందో చూడడం నా పని. చూడడానికి మాకు దొరికేదేముంది, కొత్త సున్నమూ, ఫినాయిల్ వాసనా, ఆ పూటకే పరిచిన తెల్ల దుప్పట్లూ. వాటిని చూసి తలూపి రావడానికి జీపు ఎందుకని నాకు ఒళ్ళు మండేది.

హుస్నాబాద్ అవతల ఒక దవాఖాన. ఊరి పేరు ఎందుకులెండి, ఎక్కడైనా అదే తంతు. మా పెద్ద డాక్టరు గారితో కలిసి వెళ్ళాను. అక్కడి డాక్టరు అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రాడు. మాకు దండలు వేసి, కొబ్బరి బొండాలు కొట్టించి, ఎమర్జెన్సీ గది చూపించాడు. అద్దాల బీరువా నిండా సెలైన్ సీసాలు, పెళ్ళివారికి చూపించే సారెలా వరసగా పేర్చి ఉన్నాయి. బీరువాకు తాళం.

"మీరు చూసేదాంక ఒక్కటి గుడ ముట్టొద్దన్న సార్" అన్నాడు గొప్పగా.

అంతలో గేటు దగ్గర గొడవ వినబడింది. వాచ్‌మన్ ఒక ముసలామెను అడ్డుకుంటున్నాడు. "అవ్వా, గియ్యాల పెద్దసార్లు వచ్చిండ్రు. రేపు రాపో."

ఆమె భుజం మీద మనవరాలు తల వేలాడేసి ఉంది. నాలుగేళ్ళుంటాయేమో. నేను పరుగున పోయి ఇద్దరినీ లోపలికి తీసుకొచ్చాను. రాత్రి నుంచి వాంతులు, బేదులట. పిల్ల కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలిచింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గ్లాసుతో తాగించే దశ దాటిపోయింది.

"సెలైన్ ఎక్కించండి" అన్నాను.

కుర్ర డాక్టరు బీరువా తాళం వైపు చూశాడు. "తాళంచెవి కాంపౌండర్ తాన ఉన్నది మేడం."

"ఆయనేడి?"

"పక్కూరికి పోయిండు. మీ భోజనానికి నాటుకోడి తెస్తనని."

ఆ పిల్లకు అందాల్సిన మందు తాళంచెవి మా కూర కోసం పక్క ఊళ్ళో తిరుగుతోంది. పెద్ద డాక్టరు గారు బొండాం చేతిలో పట్టుకునే, "వచ్చేస్తాడులే, కొంచెం ఆగుదాం" అన్నారు. కుర్రాడికేమో సర్కారు సామాను పగలగొట్టాలంటే భయం, అదీ పై అధికారి ఎదురుగా. ఆగడానికి పిల్లలో ఏం మిగిలిందని? బయటికి వెళ్ళి, పూలమొక్కల చుట్టూ సున్నం కొట్టి నిలబెట్టిన ఇటుకల్లోంచి ఒకటి పెరికి తెచ్చాను. బీరువా అద్దం భళ్ళున పగిలింది.

నరం ఒక పట్టాన దొరకలేదు. కుర్రాడు పాపం, వదలకుండా వెతికి గుచ్చాడు. సెలైన్ ఎక్కుతుంటే పిల్ల మెల్లగా కళ్ళు తెరిచింది. కాసేపటికి గట్టిగా ఏడ్చింది. అప్పుడు గానీ నేను పక్కనున్న స్టూలు మీద కూర్చోలేదు.

కోడిని తలకిందులుగా పట్టుకుని కాంపౌండర్ అప్పుడు వచ్చాడు. పెద్ద డాక్టరు గారు అతన్ని ఒక్క మాట అనలేదు. "ఆ గాజుపెంకులు తీయించండి, చూడ్డానికి బాగాలేదు" అన్నారంతే. మధ్యాహ్నం అందరూ తృప్తిగా భోంచేశారు. నేను ముద్ద ముట్టలేదు. ముట్టలేదని ఎవరూ గమనించనూ లేదు.

బయలుదేరేముందు ముసలామె దగ్గరికి వెళ్ళాను. నాలుగు దీవెనలు పెడుతుందనుకున్నాను, అబద్ధమెందుకు. ఆమె పిల్ల అరికాళ్ళు రాస్తూ తలెత్తకుండానే అంది:

"మల్లెప్పుడొస్తరో జర ముంగట్నే చెప్పుండ్రి బిడ్డా. గా దినం పోరగాండ్లకు ఏం కాకుంట సూస్కుంటం."